పళ్ళెం నా ముందు ఆగలేదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. దళిత క్రైస్తవ కుటుంబం. నాన్న ఇరవై ఏళ్లుగా సంఘ పెద్ద. నేను సండే స్కూల్ పిల్లలకు చెబుతాను. గత అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా పాస్టరు గారు వాక్యం చెబుతూ ఒక పార్టీ పేరెత్తి, దానికి ఓటు వేయనివారు యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదాతో సమానమన్నారు. నేనూ మా ఆయనా వేరే పార్టీకి వేశాం. ఆ సంగతి నాన్నకు తెలిసిపోయింది. మా ఇల్లూ నాన్న ఇల్లూ ఒకే వరుసలో ఉన్నాయి. ఫలితాల రోజు మా ఆయన టపాసులు కూడా కాల్చారు. అప్పటి నుంచి నాన్నకు నాతో మాటలు లేవు. మొన్న మొదటి ఆదివారం ప్రభువు బల్ల (అందరం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గర రొట్టె పళ్ళెం నాన్నే పట్టుకుని వచ్చారు. నా ఇవతలి ఆమెకు ఇచ్చి, నన్ను దాటి అవతలి ఆమె దగ్గరికి వెళ్ళిపోయారు. నా చెయ్యి చాచినది చాచినట్టే ఉండిపోయింది. నేను దేవునికి ద్రోహం చేశానా? ఇక ఆ బల్లకు తగనా? (ఒక సోదరి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఉన్న పార్టీల పేర్లు తీసేశాను. ఆ పేర్లు అటుదిటు చేసినా మీ బాధలో వెంట్రుకవాసి తేడా రాదు.

మీరు ద్రోహం చేయలేదు. ఆ బల్లకు తగినవారే. నేను పాస్టరును కాను, కుటుంబ సలహాదారును. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతూ పెరిగినదాన్ని, ఈ మాట చెప్పడానికి నాకు జంకు లేదు. మిమ్మల్ని యూదాతో పోల్చారు కదా, లూకా సువార్త 22వ అధ్యాయం తీసి చదవండి. ప్రభువు రొట్టె విరిచి, గిన్నె అందించిన తర్వాత, తనను అప్పగించబోయేవాడి చెయ్యి తనతోపాటు ఆ బల్లమీదే ఉందంటాడు. యూదాను కూడా ఆయన దాటి వెళ్ళలేదు. ఆ పన్నెండుమంది శిష్యుల్లోనే రోమా ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసిన మత్తయి ఉన్నాడు, రోమా పాలనను ఎదిరించేవారికి ఉన్న జెలోతే అనే పేరు మోసిన సీమోనూ ఉన్నాడు. ఆ రోజుల్లో అంతకంటే పడని రెండు పక్షాలు ఉండవు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

మా ఇంట్లోనూ ఇలాంటిదే చూశాను. మా నాన్న వ్యవసాయ కార్మిక సంఘం మనిషి, మా మేనమామ కాంగ్రెస్. శనివారం రాత్రి అరుగు మీద ఇద్దరి గొంతులూ వీధి చివరి దాకా వినిపించేవి. తెల్లవారితే మందిరంలో పక్కపక్కనే కూర్చునేవారు. మామయ్యకు చూపు ఆనదు. నాన్న ఒక్కో చరణం ముందుగా ఆయన చెవిలో చెబితే, ఆయన అందుకుని పాడేవారు.

ఇప్పుడు మీకు కాస్త కష్టం కలిగించే మాట. ఉత్తరంలో టపాసుల సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎవరి వీధిలో కాల్చారు? మీ ఇల్లూ నాన్నగారి ఇల్లూ ఒకే వరుసలో ఉన్నాయని పైన మీరే రాశారు. ఆ సాయంత్రం ఆయన లోపల తలుపు వేసుకుని కూర్చుని ఉంటారు. బయట మోగుతున్నది సొంత అల్లుడి టపాసులు. వీధిలో అందరికీ తెలుసు. మీ ఓటు ఆయనకు నొప్పి అయితే, ఆ చప్పుడు అవమానం. పెద్దవాళ్ళు నొప్పిని మరిచిపోతారు కానీ నలుగురిలో జరిగిన అవమానాన్ని అంత తొందరగా మరవలేరు. పళ్ళెం దాటించడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ అది వాక్యం వినిపించిన కోపం కంటే, టపాసులు మిగిల్చిన కోపమని నాకు బలంగా అనిపిస్తోంది.

నాన్నగారికి ఆ పార్టీ మీద ఉన్న అభిమానం వెనుక భయం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఇవ్వలేదు. ఆంధ్రలో అతను బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ‘సీ’ గ్రూపు), ఒక్క శాతం రిజర్వేషన్. సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతికిన కుటుంబాలు మీ చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. అలాంటి మనిషికి, తనను గుర్తించి పలకరించిన నాయకుడు కొండంత అండగా కనిపిస్తాడు. ఆ అండ ఓడిపోయిన రోజే కూతురు అవతలి పక్కన ఉందని తెలిసింది. ఆ భయాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయకండి, మీ వారినీ కొట్టిపారేయనివ్వకండి.

పాస్టరు గారి సంగతి వేరు. ఆయన చేసింది నేను సమర్థించలేను. మతసంస్థల ఆవరణను పార్టీ ప్రచారానికి వాడకూడదని 1988లో వచ్చిన చట్టం ఉంది. అది గుడికీ మసీదుకూ చర్చికీ ఒకటే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ఫలానావారికి ఓటు వేయకపోతే దేవుని ఆగ్రహానికి గురవుతావని అభ్యర్థి గానీ, అతని సమ్మతితో మరొకరు గానీ ఓటరును నమ్మించబోతే అది అవినీతి చర్యే. చట్టం రాకముందే మన గడ్డమీద దీన్ని గట్టిగా ఆలోచించిన క్రైస్తవులున్నారు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు (క్రైస్తవులే ఓటు వేసేవి) వద్దన్నారు. సంఘం ఒక రాజకీయ వర్గంగా మిగిలిపోతుందని ఆయన బెంగ. ఇవన్నీ మీ ధైర్యం కోసం చెబుతున్నాను. మీ నాన్నగారి మందిరం మీద ఫిర్యాదు పట్టుకుని ముందే వెళ్ళమని కాదు. అలా వెళితే నాన్న పూర్తిగా చేజారిపోతారు.

ముందు కదలాల్సింది మీ ఆయన. ఒక్కరే, చేతులు ఊపుకుంటూ కాకుండా పండో ఫలమో తీసుకుని మామగారింటికి వెళ్ళాలి. ఓటు గురించి క్షమాపణ అడగకూడదు, అది మీ ఆయన హక్కు. “మామయ్యా, ఆ రోజు మీ వీధిలో నేను టపాసులు కాల్చకుండా ఉండాల్సింది” అంటే చాలు. అక్కడ రాజకీయం ఎత్తితే లేచి వచ్చేయాలి. ఆ తర్వాత మీరు వెళ్ళండి. వాదించడానికి వెళ్ళకండి. అమ్మ ఎదురుగా ఉన్నప్పుడు ఒక్క మాట అడగండి: “నాన్నా, నా బాప్తిస్మం నాడు నన్ను నీళ్ళ దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నువ్వే. ఇప్పుడు పళ్ళెం నా ముందు ఎందుకు ఆపలేదు?” ఆయన ఏమీ అనకపోయినా ఫరవాలేదు. ప్రశ్న ఆయన దగ్గర ఉండనివ్వండి.

పాస్టరు గారిని ఆరాధన లేని రోజున కలవండి. ఆయన గౌరవించే ఒక పెద్దమనిషిని తోడు తీసుకెళ్ళండి. బల్లకు ఎవరు రావాలో ఓటు నిర్ణయిస్తుందా అని అడగండి. మీ సంఘం ఏదైనా సినడ్ (సంఘాల పై పాలక సభ) కింద ఉంటే పైన వినేవారున్నారు. స్వతంత్ర సంఘమైతే లేరు. అక్కడ మారడానికి ఆయన మనసొక్కటే దారి.

వచ్చే మొదటి ఆదివారం ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోండి. పళ్ళెం మళ్ళీ దాటిపోతే లేచి వెళ్ళకండి. ఆరాధన అయ్యాక సండే స్కూల్ హాజరు పుస్తకం తీసుకుని పిల్లల దగ్గరికి వెళ్ళండి. రెండు నెలల తర్వాత ఏం జరిగిందో నాకు రాయండి.