టిక్ అన్న చప్పుడు

నాయనా,

నీ వ్యాసం అందింది. రెండో పేరాలో "థ్రాటిల్ సెన్సర్ ఎంత పెట్రోల్ కావాలో కొలిచి ఇంజన్‌కి పంపుతుంది" అన్నావు. అక్కడ ఆగి మంచినీళ్లు తాగి వచ్చాను. అది పెట్రోల్ మొహం కూడా చూడదురా. గాలి వెళ్లే తలుపు, అదే థ్రాటిల్, ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంతే. లెక్క కట్టేది కంప్యూటర్, పోసేది ఇంజెక్టర్.

పైగా రాసింది సెన్సర్ గురించి, వేసిన బొమ్మ ఎల్-జెట్రానిక్ అనే పాత బాష్ పెట్రోల్ ఇంజెక్షన్ పద్ధతిలోని థ్రాటిల్ స్విచ్‌ది. ఆ స్విచ్‌లో ఉండేవి రెండే కాంటాక్టులు. ఒకటి కాలు పూర్తిగా తీసేస్తే కలుస్తుంది, రెండోది దాదాపు చివరిదాకా తొక్కితే. మధ్యలో దానికి నోరు లేదు. గాలిని కొలిచే మీటర్ వేరే ఉంది కాబట్టి అక్కర్లేదు కూడా. అంతకుముందు, 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో మొదలైన డీ-జెట్రానిక్‌లో, కొన్నాళ్లకి ఈ స్విచ్ లోపలే దువ్వెన పళ్లలాంటి ట్రాక్ పెట్టారు. రేసు ఇస్తుంటే కాంటాక్టు ఆ పళ్ల మీద టకటకా పాకుతూ అదనంగా పెట్రోల్ పోయించేది. ఇంత చక్కటి దువ్వెన ఉండగా "కారుకి మెదడు" అని రాయడానికి నీకు మనసెలా ఒప్పింది?

చెవితో వినకుండా యంత్రం గురించి రాయకు. నాకిది విజయవాడ ఆటోనగర్‌లో తెలిసింది. ఓ పాత విదేశీ కారు, కాలు కొంచెం ఆనించి నడిపితే కుదుపులు. ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్ మార్చాను, చివరికి పంపు కూడా మార్పించి ఓనరుతో తిట్లు తిన్నాను. పక్క షెడ్డు మేస్త్రి వచ్చి ముందు మా రేడియో ఆపించాడు. ఇంజన్ ఆపి, చెవి దగ్గర పెట్టి, వేలితో థ్రాటిల్ మెల్లగా కదిపాడు. తలుపు కదలగానే మొదటి కాంటాక్టు విడిపోయి రావాల్సిన టిక్ చాలాసేపటికి వచ్చింది. అప్పటిదాకా కంప్యూటర్, డ్రైవరు కాలు తీసేశాడనుకుని పెట్రోల్ ఆపేస్తోంది. స్పీడు పడిపోగానే మళ్ళీ ఇస్తోంది. మేస్త్రి రెండు స్క్రూలు వదులు చేసి స్విచ్‌ని వెంట్రుకవాసి తిప్పాడు. కుదుపు పోయింది.

అది రాసి పంపితే ఒక ఎడిటరు గారు స్విచ్‌ని "మీట" చేశారు, సెన్సర్‌ని "గ్రాహకం" చేశారు, టిక్‌ని అనవసరమని కొట్టేశారు. ముప్పై ఏళ్లయింది, ఇంకా మండుతూనే ఉంది. ఇప్పటివాళ్లయితే "అయిదు చిట్కాలు" అడుగుతున్నారు, వాళ్ల సంగతి ఎత్తకు.

సెన్సర్ ఎందుకు పాడవుతుందని అడిగావు. అది మీ ఇంట్లో రేడియో వాల్యూమ్ నాబ్ లాంటిది. 5 వోల్టులు ఇస్తారు. తలుపు మూసి ఉంటే సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగు దాటి తిరిగొస్తుంది. కాలు ఎక్కువసేపు ఉండే చోటే కార్బన్ ట్రాక్ అరుగుతుంది. అక్కడ వోల్టేజీ తడబడుతుంది. డిజిటల్ మీటరుకి ఆ తడబాటు ఒక్కోసారి అందదు, ముల్లు మీటరు పెట్టి నెమ్మదిగా తెరిచి చూడు.



కుదుపు వచ్చే చోట మీ నాన్న కాలు ఇంకాస్త నొక్కి కారుని దాటించేవాడని చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. ఆయనకి తెలియకుండానే అరిగిన చోటుని దాటేస్తున్నాడు. వ్యాసం అక్కడ మొదలుపెట్టి మళ్ళీ పంపు. ఆ సెన్సర్ పారేయకపోతే, మూత విప్పి ట్రాక్ మీద ఆ అరిగిన గాడి ఎక్కడుందో చూసి రాయి.