కేసులు గుర్తుండటం లేదా? కథలోంచి ఒక్కో వాస్తవం తీసేసి చూడండి

ఎల్‌ఎల్‌బీలో చేరి మూడు నెలలైందని, ఒక్కో జడ్జిమెంట్‌కి మూడు గంటలు పడుతోందని, మర్నాటికి కేసు పేరు తప్ప ఏదీ గుర్తుండటం లేదని రాశారు. జ్ఞాపకశక్తి లేనివాళ్లకి లా పనికిరాదా అని అడిగారు. నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉండేది. అయినా మొదటి పరీక్షలో బోర్లాపడ్డాను. అందుకే ఈ జవాబు రాస్తున్నాను.

అది కాంట్రాక్ట్స్ ఇంటర్నల్. ప్రశ్న ఓ చిన్న కథ. భర్త భార్యకు నెలనెలా డబ్బిస్తానన్నాడు, కొన్నాళ్లకి మానేశాడు, ఆమె దావా వేసింది, గెలుస్తుందా? చదవగానే బాల్ఫర్ వర్సెస్ బాల్ఫర్, 1919 గుర్తొచ్చేసింది. ఇంకేముంది, రెచ్చిపోయాను. ఆఫర్ అంటే ఏమిటి, యాక్సెప్టెన్స్ అంటే ఏమిటి, కన్సిడరేషన్ అంటే ఏమిటి అని నాలుగు పేజీలు నింపి, కేసు పేరు కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. ఇరవైకి ఆరు వచ్చాయి. మార్జిన్‌లో మేడమ్ ఎర్ర పెన్నుతో రాసింది ఒక్కటే మాట: "ఇంతకీ ఆమె గెలిచిందా?"

పేపర్ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్తే, ప్రశ్నలో రెండో వాక్యం పైకి చదవమన్నారు. "అప్పటికే విడిపోయి ఉంటున్న దంపతులు కూర్చుని మాట్లాడుకుని, ఆ మాట కాగితం మీద రాసుకున్నారు" అని ఉంది. నేను దాన్ని చూడనే లేదు. బాల్ఫర్ కేసులో, మాట ఇచ్చేనాటికి మొగుడూపెళ్లాలు బాగానే ఉన్నారు. ఆయన సిలోన్‌లో ఉద్యోగానికి తిరిగి వెళ్తూ, అనారోగ్యంతో ఇంగ్లండ్‌లో ఆగిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు ఇస్తానన్నాడు. ఇంట్లో చెప్పుకున్న మాటే తప్ప కోర్టుకెక్కే ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం కాదని కోర్టు తేల్చింది. విడిపోయాక రాసుకున్న కాగితం వేరు. 1970లో మెరిట్ వర్సెస్ మెరిట్‌లో భార్య గెలిచింది సరిగ్గా ఆ తేడా వల్లే. నాకు రెండు కేసులూ కంఠతా వచ్చు. ఎక్కడ ఏది వాడాలో మాత్రం తెలీదు.

అప్పుడు మేడమ్ చెప్పిన పద్ధతి నేను డిగ్రీ పూర్తయ్యేదాకా వదల్లేదు. కేసులో వాస్తవాలన్నీ వరసగా రాసుకోవాలి. ఒక్కోదాన్నీ కొట్టేసి, ఇది లేకపోయినా తీర్పు ఇలాగే వచ్చేదా అని అడగాలి. తీర్పు మారుతుందనిపిస్తే అది పట్టుకోవాల్సిన వాస్తవం.

డొనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్, 1932 తీసుకోండి. జింజర్ బీర్ సీసాలో కుళ్లిన నత్త వచ్చిందని ఒకావిడ తయారీదారు మీద వేసిన దావా. నత్త బదులు గాజుపెంకు పెట్టండి, ఏమీ మారదు. సీసా తనే కొనుక్కుందనుకోండి, చాలా మారుతుంది. అప్పుడు అమ్మినవాడితో ఆవిడకే కాంట్రాక్ట్ ఉంటుంది, ఆ దారిన పోవచ్చు. కొన్నది ఆవిడ స్నేహితురాలు కాబట్టే తయారీదారు వెంట పడాల్సి వచ్చింది. ఇప్పుడు సీసాని పారదర్శకంగా మార్చండి. అసలు సీసా లోపలిది కనిపించని ముదురు రంగు గాజు. మధ్యలో ఎవరూ చూసి పక్కన పెట్టే వీల్లేదన్నది, ఆ కేసులో ప్రధాన తీర్పు చెప్పిన జడ్జి లార్డ్ ఆట్కిన్ వాదనలో ముఖ్యమైన మెట్టు. ఇలా నాలుగు వాస్తవాలు అటూ ఇటూ మార్చేసరికి రేషియో, అంటే తీర్పు నిలబడ్డ అసలు సూత్రం, దానంతటదే చేతికొస్తుంది. తీర్పు 3-2 తేడాతో ఆవిడ వైపే వచ్చింది, కాబట్టి ఒప్పుకోని ఇద్దరు జడ్జీలు ఏమన్నారో కూడా చదవండి. అవతలి వాదన అక్కడ రెడీగా దొరుకుతుంది. అన్నట్టు, ఆ సీసాలో నిజంగా నత్త ఉందో లేదో ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఉందనుకుంటే కేసు నిలబడుతుందా అన్నంతవరకే తేల్చారు, ఆ తర్వాత రాజీ అయిపోయింది. మూడు నెలలు నత్తతో కుస్తీ పట్టాక ఈ సంగతి తెలిసి నాకు నవ్వాగలేదు.

మూడు గంటలు పట్టడం గురించి: ముందు హెడ్‌నోట్ (జడ్జిమెంట్ పైన అచ్చేసే సారాంశం) చదవండి, అదేం దొంగతనం కాదు. ఎవరు ఎవర్ని ఏం అడుగుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకుని, అప్పుడు జడ్జిమెంట్‌లోకి దిగండి. పాత కేసులు ఉటంకిస్తూ పోయే పేరాలు మొదటిసారి దాటేయండి. చివర్లో పుస్తకం మూసేసి, లా తెలియనివాళ్లకి ఆ కథ తెలుగులో చెప్పండి. నా బాధితురాలు మా అక్క. "అయితే వాడిదేం తప్పు?" అని ఆవిడ అడిగిందంటే, నాకింకా అర్థం కాలేదన్నమాట. మూడో సెమిస్టర్‌కి వచ్చేసరికి అదే సైజు జడ్జిమెంట్ నాకు ముప్పావు గంటలో అయిపోయేది.

సెక్షన్లకి వేరే మంత్రం ఏమీ లేదు. "షల్", "మే", "ఆర్", "అండ్", చివర్లో ప్రొవైజో ("అయితే..." అంటూ మినహాయింపు చెప్పే భాగం), వీటి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి, చాలు.

ఐరాక్ గురించి సీనియర్లు చెప్పే ఉంటారు: ఇష్యూ, రూల్, అప్లికేషన్, కన్‌క్లూజన్. మంచిదే, కానీ మనలో చాలామంది రూల్ దగ్గర రెండు పేజీలు తినేసి అప్లికేషన్‌ని రెండు లైన్లలో ముగిస్తాం. మార్కులుండేది అప్లికేషన్‌లోనే. "ఇక్కడ కాగితం ఉంది, బాల్ఫర్‌లో లేదు, అందువల్ల..." అన్న ఒక్క వాక్యం నా నాలుగు పేజీల కన్నా విలువైనది.

ఈ వారం కార్లిల్ వర్సెస్ కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ, 1893తో మొదలుపెట్టండి. మా వస్తువు చెప్పినట్టు వాడాక కూడా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని కంపెనీ ప్రకటన వేసింది. దానికి గుర్తుగా 1000 పౌండ్లు బ్యాంకులో వేశామని కూడా అందులోనే రాసింది. తర్వాత అదంతా ఉత్త ప్రచారమే అని తప్పించుకోబోయి ఓడిపోయింది. ఆ 1000 పౌండ్ల వాక్యాన్ని చేత్తో మూసేసి మిగతా ప్రకటన చదవండి. కంపెనీ మాట అప్పుడెలా వినిపిస్తుందో ఓ అరపేజీ రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.