కుట్టుపని గదిలో నేలమీద దారాలు, గుండుసూదులు పడకుండా ఏం చేస్తారు?

మీ ప్రశ్న చదివాను. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఇల్లు, చిన్న బెడ్‌రూమ్‌లో మెషిన్ పెట్టుకుని బ్లౌజులు, ఫాల్, పికో చేస్తున్నారు, పాప పాకడం మొదలుపెట్టింది. పొద్దున, సాయంత్రం ఊడ్చినా దారాలు హాల్లోకి వస్తున్నాయి, మొన్న సోఫా కింద గుండుసూది దొరికింది. వ్యాక్యూమ్ క్లీనర్ కొనాలా, కార్పెట్ వేస్తే నయమా అని అడిగారు. రెండూ వద్దనే అంటాను. ఎందుకో చివర్లో చెప్తాను గానీ, ముందు ఊడవడం గురించి ఆలోచించడం మానేయండి. మీ ఇబ్బంది చీపురుతో తీరేది కాదు.

నేను బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్స్‌లో కొన్నేళ్ళు లైన్‌లో కుట్టాను. ఇప్పుడు కె.ఆర్.పురం దగ్గర ఇంట్లోనే కుడుతున్నా. మాది మదనపల్లె వైపు. మా లైన్‌లో సగం మంది చిత్తూరు, అనంతపురం వాళ్ళే, సూపర్‌వైజర్ కన్నడంలో తిడితే మేం తెలుగులో గొణుక్కునేవాళ్ళం. అదలా ఉంచండి. అక్కడ సూది విరిగితే కొత్తది ఊరికే చేతిలో పెట్టరు. విరిగిన ముక్కలన్నీ ఏరి తీసుకెళ్ళాలి. వాటిని రిజిస్టర్‌లో టేపుతో అంటించి తేదీ, మెషిన్ నంబరు రాసుకున్నాకే కొత్త సూది ఇస్తారు. కొస అంత ముక్క కనబడకపోయినా మెషిన్ ఆపేసి, అప్పటిదాకా కుట్టిన బండిల్ పక్కన పెట్టి వెతుకుతారు. పిల్లల బట్టలో సూది ముక్క వెళ్ళిందంటే బయ్యర్ సరుకంతా వెనక్కి కొడతాడు. అందుకే చివర్లో బట్టలో దాగిన సూది ముక్కను పట్టే నీడిల్ డిటెక్టర్ మీద కూడా నడిపిస్తారు. గుండుసూదులైతే మా లైన్‌లోకి అసలు రానిచ్చేవాళ్ళు కాదు. దారం కత్తిరించే ట్రిమ్మర్ కూడా మెషిన్‌కి తాడుతో కట్టే ఉంటుంది. ఊడ్చేవాళ్ళు వేరే ఉంటారు, కానీ సూదుల సంగతి వాళ్ళ చీపురు మీద వదిలేయరు. ఇచ్చే చోటే లెక్క పెడతారు.

ఇంట్లో చేయాల్సిందీ అదే. సూదులకు లెక్క, దారాలకు పట్టు. ఈ రెండూ వేరువేరు పనులు, ఒకే మందుతో పోవు.

గుండుసూదులు డబ్బాలో గుమ్మరించి పెట్టుకుంటే ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలీదు, ఎన్ని పోయాయో అసలే తెలీదు. పిన్ కుషన్‌లో 20 పెట్టండి, చాలు. మిగతా డబ్బా బీరువా పైఅరలోకి వెళ్ళాలి. రాత్రి మెషిన్ మూసేముందు ఆ 20 ఉన్నాయా లేదా చూడండి, అర నిమిషం పని. 19 ఉంటే దొరికేదాకా పాపను ఆ గదిలోకి తేకండి. రెండు వరసలుగా పదేసి గుచ్చుకుంటే లెక్కపెట్టే పని కూడా ఉండదు, ఖాళీ చూడగానే కనబడుతుంది. మెషిన్ సూదులకూ ఇదే పద్ధతి. విరిగినప్పుడు ముక్కలు రెండూ చేతికొచ్చాయా అని అతికించినట్టు పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొస ముక్క తరచూ బాబిన్ దగ్గర, పళ్ళ ప్లేట్ కిందే ఇరుక్కుంటుంది, నేలంతా వెతికేముందు అక్కడ చూడండి.

కొనేటప్పుడు రంగు తల ఉన్న సూదులే కొనండి. ఉత్త ఇనుప తల సూది మన మొజాయిక్ నేలమీద పడితే దేవుడికి కూడా కనబడదు. ఎర్ర తల, నీలం తల అయితే దూరం నుంచే తెలుస్తుంది. ప్లాస్టిక్ తలవి ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగి బట్టకు అంటుకుంటాయి, గాజు తలవి తట్టుకుంటాయి. రెండు రూపాయలు ఎక్కువైనా గాజువే మేలు. ఇంకో మాట: సూదులు కొనడానికి చిక్‌పేట బజారుకు వెళ్ళినప్పుడు పర్సులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి, ఫ్రిజ్ మీద బొమ్మ అయినా సరే. అంగడిలోనే సూదులకు ఆనించి చూడండి. ఇత్తడి సూదులు అయస్కాంతానికి అంటవు, కొన్ని స్టెయిన్‌లెస్ రకాలు కూడా గట్టిగా పట్టవు. అలాంటివి నేలమీద పడితే ఇక కంటితోనే వెతుక్కోవాలి. పాప ఉన్న ఇంట్లో సూది అయస్కాంతానికి అంటి తీరాల్సిందే. హుక్కులు కూడా అంతే, కొన్ని అంటుతాయి, కొన్ని అంటవు.

నన్నడిగితే బ్లౌజు పనికి గుండుసూదులు అసలు అంత అవసరం లేదు. పట్టుబట్టకు రంధ్రాలు పడతాయి కూడా. లైనింగ్ కలిపేచోట పొడుగు టాకాలు వేసుకుంటే ఆ దారం చివర్లో లాగేస్తాం, పోతుంది. ప్లాస్టిక్ క్లిప్పులు కూడా దొరుకుతున్నాయి. చంకదగ్గర, మెడదగ్గర అవి లావుగా అడ్డం వస్తాయి గానీ సైడు కుట్లకు బాగుంటాయి. పడినా తొక్కితే నొప్పే, గుచ్చుకోదు. పాప నోట్లోకి వెళ్ళేంత చిన్నవి మాత్రం కొనకండి. ఇంకొకటి, మన వాళ్ళలో చాలామందికి సూదులు పెదాల మధ్య పట్టుకునే అలవాటు. మాట్లాడబోయి, దగ్గబోయి మింగినా, ఊపిరితిత్తుల్లోకి పీల్చుకున్నా ఆపరేషన్ దాకా వెళ్తుంది. చేతికి కట్టుకునే కుషన్ వాడండి.

ఇక అయస్కాంతం. పాత స్పీకర్ ఉంటే దాని వెనక గుండ్రటి నల్ల అయస్కాంతం ఉంటుంది. లేదా ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే ఎస్.పి.రోడ్డులో పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్క్ దొరికితే దాంట్లోవి చిన్నవైనా బలంగా ఉంటాయి. దాన్ని విరిగిన మాప్ కర్రకు అడుగున గట్టిగా కట్టి, పైన పాలిథీన్ కవరు తొడగండి. నేలకు దాదాపు ఆనేటట్టు, తొందరపడకుండా, గోడ నుంచి గోడకు నడిపించండి. జానెడు ఎత్తులో ఊపితే ఏమీ రాదు. అయ్యాక కవరును లోపలి నుంచి బయటకు తిప్పుతూ లాగితే సూదులన్నీ కవర్లోనే ఉండిపోతాయి, ఒక్కొక్కటీ గోటితో పీకే పని లేదు. టైల్స్ సందుల్లో పడుకున్న సూది టిక్కుమని లేచి వచ్చి అంటుకుంటుంటే చూడడానికి భలే ఉంటుంది, మా వాడు ఆ కర్ర కోసం కొట్లాడేవాడు. కానీ ఆ అయస్కాంతం పాపకు అందకూడదు. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పేగునే నొక్కేస్తాయి. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ళుంటే వాళ్ళ ఛాతీ దగ్గరికి కూడా తేవద్దు.

వరస మాత్రం తప్పకండి: ముందు అయస్కాంతం, తర్వాత ఊడ్పు, ఆఖర్న తడిగుడ్డ. చీపురు ముందు పట్టారంటే సూది దాని ఈనెల్లోకి దూరి, మీరు హాలు ఊడుస్తున్నప్పుడు అక్కడ రాలుతుంది. మీ సోఫా కింద దొరికింది అలా వచ్చిందే అయ్యుండొచ్చు. లేదా చెప్పుల వల్ల. రబ్బరు చెప్పు అడుగున గుచ్చుకున్న సూది మనకు తెలీకుండానే ఇల్లంతా తిరుగుతుంది. కుట్టుగదికి విడిగా మందం అట్ట ఉన్న చెప్పులు పెట్టుకుని, గడప దగ్గరే విడిచి బయటకు రండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను. అరికాలు మొద్దుబారి ఉంటే సూది దిగినా తెలీదు, పుండయ్యాకే తెలుస్తుంది. ఎవరికైనా గుచ్చుకుని లోపల విరిగిందని అనుమానం వస్తే ఇంట్లో కెలకొద్దు, ఎక్స్‌రేలో లోహం స్పష్టంగా కనబడుతుంది. టీటీ సంగతి కూడా డాక్టర్‌నే అడగండి.

లెక్క తప్పిన రోజు వెతకడానికి నేను చేసేది ఇది. రాత్రి ట్యూబ్‌లైట్ ఆపేసి, ఫోన్ టార్చ్ వేసి నేలమీద అడ్డంగా పడుకోబెడతాను. వెలుగు నేలను రాసుకుంటూ పోతుంది కాబట్టి బియ్యపుగింజకు కూడా బెత్తెడు నీడ పడుతుంది. మంచంకోడు వెనక సూది సన్నగా మెరుస్తుంది, దారం పోగులు నల్లటి గీతల్లా లేస్తాయి. నిలబడి చూస్తే శుభ్రంగా ఉన్న గది అప్పుడెలా ఉంటుందో చూస్తే మీకే నవ్వొస్తుంది.

దారాల దగ్గరికి వద్దాం. దారం నేలమీద పడ్డాక పట్టుకోవడం కష్టం, కత్తిరించిన చోట పట్టుకోవడం తేలిక. మెషిన్ బల్లమీద, సూదికి పక్కనే చిన్న మూతలో తడిపి పిండిన స్పాంజి పెట్టుకోండి. దారం కొస కత్తిరించగానే ఆ చేత్తోనే స్పాంజికి తాకిస్తే అంటుకుంటుంది. వారం తిరిగేసరికి అది చేతికి అలవాటైపోతుంది, చూడకుండానే చేస్తాం. ఇంకొకటి, ఏప్రాన్ కట్టుకుని దాని కింది అంచును వెల్‌క్రోతో బల్ల అడుగుకు తగిలించండి. ఒళ్ళో ఊయలలా జారుతుంది, పీలికలు, పోగులు, జారిన సూది అన్నీ దాంట్లోనే పడతాయి. లేచేటప్పుడు వెల్‌క్రో లాగి బుట్టలో దులిపేయడమే. కుట్టేటప్పుడు ముక్క ముక్కకూ దారం తెంపకుండా, బ్లౌజు చెయ్యి ఒకటి అవగానే రెండోది మెషిన్ పాదం కిందికి తోసేస్తూ పోతే సగం కొసలు అసలు పుట్టవు. గార్మెంట్స్‌లో బండిలంతా అలాగే గొలుసులా వస్తుంది, చివర్లో ఒకేసారి తెంపుతారు.

ఓవర్‌లాక్ మెషిన్ ఉంటే గదిలో చెత్తకు అసలు మూలం అదే. దాని కత్తి అంచును కోస్తూనే ఉంటుంది, నూగు లేస్తూనే ఉంటుంది. కత్తి కింద బల్ల అంచుకు పాత పిల్లోకవర్ నోరు తెరిచి కట్టండి. ఆ కాసేపు ఫ్యాను ఆపండి. ఉక్కపోస్తుందంటారు, నిజమే, కానీ ఫ్యాను తిరుగుతుంటే ఆ నూగంతా మంచం కిందికీ వంటింట్లోకీ వెళ్తుంది, తర్వాత దాన్నెవరు పట్టుకుంటారు? ఓవర్‌లాక్ పనంతా పోగేసుకుని ఒకేసారి చేస్తే ఉక్క కూడా ఒకేసారి.

ఫిబ్రవరి, మార్చిలో మన బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది కదా, అప్పుడు జార్జెట్, పాలిస్టర్ దారాలు చీరకుచ్చిళ్ళకూ కాళ్ళకూ అంటుకుని వస్తాయి. చెన్నైలో ఉండే మా చెల్లెలికి ఈ బాధ అంతగా లేదు, అక్కడ గాలిలోనే తడి ఉంది. ఆ నెలల్లో చీపురు తిప్పేకొద్దీ దారం ఎగురుతుంది. నేను బాత్రూమ్ నీళ్ళు తోసే రబ్బరు వైపర్ కొత్తది ఒకటి ఈ గదికే పెట్టాను. పొడినేలమీద దాన్ని మనవైపు లాగితే దారాలు చుట్టచుట్టుకుని వత్తిలా వచ్చేస్తాయి. తర్వాత బాగా పిండిన తడిగుడ్డ. కుర్చీకి చక్రాలుంటే వాటి ఇరుసులో దారం బిగుసుకుంటుంది, అప్పుడప్పుడు తిరగేసి కుట్లు విప్పే రిప్పర్‌తో కోసేయండి.

దారం గురించి పాప విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. సన్నటి దారం గానీ వెంట్రుక గానీ పసిపిల్లల కాలివేలికి చుట్టుకుంటే బిగిసి రక్తం ఆడదు, వేలు వాచి ఎర్రబడుతుంది. పాప ఊరికే ఏడుస్తుంటే సాక్సు విప్పి వేళ్ళు చూడండి. చుట్టుకున్నది సులువుగా రాకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లిని పెంచే ఇళ్ళకు కూడా చెప్తాను: దారం మింగిన పిల్లి నోట్లోంచి కొస కనబడినా లాగొద్దు, లోపల పేగును కోసేస్తుంది. డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళాలి.

విరిగిన సూదులు చెత్తసంచిలో వేయకండి. పొడిచెత్తను ఏరేది మనుషులే, చేతులతోనే. మూత ఉన్న మందుసీసాలో వేస్తూ, నిండాక మూతకు టేపు చుట్టి, బండి వచ్చినప్పుడు విడిగా చేతికిచ్చి కన్నడంలో ‘సూజి ఇదె’ (సూది ఉంది) అని చెప్పండి. మాకొచ్చే ఆవిడ దాన్ని వేరే డబ్బాలో పెట్టుకుంటుంది. పెద్ద పీలికలు నేను పారేయను, దిండ్లలోకి కూరుతాను.

ఇప్పుడు మీరు అడిగినవి. వ్యాక్యూమ్ క్లీనర్, ముఖ్యంగా కింద బ్రష్ తిరిగే రకం, దారాలకు పనికిరాదు. బ్రష్‌కు చుట్టుకుని ఆగిపోతుంది, కత్తెరతో కోసుకుంటూ కూర్చోవాలి. సూది లోపలికి వెళ్తే గొట్టంలో అడ్డం పడుతుంది, సంచి ఉన్నదైతే సంచి చిరుగుతుంది. ఇంట్లో ముందే ఉంటే బ్రష్ లేని సన్న మూతితో మెషిన్ వెనక మూలలకు వాడండి, అదీ అయస్కాంతం తిప్పాకే. దీనికోసమే కొత్తది కొనకండి.

కార్పెట్ అయితే మరీ వద్దు. నున్నటి నేలమీద సూది పడుకుని ఉంటుంది, కార్పెట్‌లో మొన పైకి పెట్టి నిలబడుతుంది. కింద కూర్చుని హెమ్మింగ్, హుక్కులు, పూసలపని చేసేటప్పుడు పాత తెల్ల దుప్పటి పరుచుకుని మధ్యలో కూర్చోండి. అయ్యాక నాలుగు మూలలూ పట్టి ఎత్తి టబ్బులో దులపండి, బాల్కనీలోంచి కాదు, కింద ఎవరో ఉంటారు. వాషింగ్ మెషిన్‌లో వేసేముందు దానిమీద కూడా అయస్కాంతం ఒకసారి తిప్పండి.