షిఫ్టులు విడవకుండా ఈఎంటీ నేర్చుకుంటానన్న నరేశ్‌కు

బిడ్డా నరేశ్,

చౌటుప్పల్ కంపెనీలో పని విడవకుండానే ఈఎంటీ కోర్సు, అదే అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే పని, నేర్చుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. చెయ్యి. కానీ ఫీజు కట్టకముందే అడగాల్సినవి అడిగి కాగితం మీద రాయించుకో. కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు ఉందా? క్యాజువాలిటీ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో? అంబులెన్స్ ఎక్కిస్తారా, లేదా? "క్లాసుకు రాకున్నా సర్టిఫికెట్ ఇస్తాం" అన్నచోట చాయ్ కూడా తాగకుండా లేచి రా.

షిఫ్టు సంగతి సూపర్‌వైజర్‌తో ముందే తేల్చుకో. నైట్ దిగి అటునుంచి అటే పోస్టింగుకు పోవద్దు. నిద్ర లేకుంటే ముందు తప్పేది లెక్క. మోతాదులో దశాంశ చుక్క ఒక్క స్థానం కుడికి జరిగిందంటే మందు పదింతలవుతుంది. పైగా తెల్లారగట్ల విజయవాడ హైవే మీద బండి నడుపుతూ కునుకు తీస్తే నువ్వే కేసువవుతావు. బి షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) వారాల్లో పొద్దటి పూట, లేదంటే వీక్లీ ఆఫ్ నాడు పోస్టింగ్ పెట్టించుకో.

దొరికే టైమ్ తక్కువ. దాన్ని పుస్తకం కంటే చేతులకు ఎక్కువ ఇవ్వు. బీపీకి చిన్న కఫ్ లావు చేతికి చుడితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. గాలి గబుక్కున వదిలితే పైది తక్కువగా, కిందిది ఎక్కువగా వస్తుంది. సెకనుకు 2, 3 పాయింట్ల చొప్పున దించు. ఊపిరి మాత్రం నిండు నిమిషం లెక్కపెట్టు, అదీ నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మారుస్తాడు. కేస్‌షీట్లలో చూడకుండా రాసే అంకె ఇదే, అందరికీ 18! ప్రాణం మీదికొచ్చే ముందు మొదట మారేది కూడా తరచుగా అదే.

ఆక్సిజన్ లెక్క నోటికి రావాలి. నిండు బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. సంచి ఉన్న మాస్కుకు నిమిషానికి 15 లీటర్లు పెట్టావంటే 100 నిమిషాలు. గేజీ సగం చూపిస్తే 50. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు రెఫర్ చేసిన కేసుకు ఒక్క సిలిండర్ నమ్ముకుంటే దారిలోనే అయిపోతుంది. అందుకే బండి కదలకముందే గేజీ చూడు, రెండో సిలిండర్ తెరిచే కీ ఉందో లేదో చూడు. మాస్కు పెట్టేముందు సంచి నిండనివ్వు. ముడుచుకున్న సంచితో పెడితే ఆయాసం పెరుగుతుంది.

సీపీఆర్, అదే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ఊపిరివ్వడం, అందరూ వచ్చనుకుంటారు. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120, 30 నొక్కులకు 2 ఊపిరులు. ఇవి బట్టీపట్టడం తేలికే. తప్పేది ఎక్కడంటే, నొక్కాక ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వరు, బరువు దాని మీదే ఉంచుతారు. అప్పుడు గుండెలోకి రక్తం తిరిగి రాదు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, అలసట నీకు తెలిసేలోపే లోతు తగ్గిపోతుంది. బొమ్మ మీదే నేర్చుకో, బతికున్న మనిషి మీద కాదు.

మన పత్తి చేలల్లో పురుగుమందు కేసులు తప్పవు. నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు, విపరీతంగా చెమట కనిపిస్తే ముందు గ్లవ్స్ వేసుకో. బట్టలు విప్పించి ఒళ్లు సబ్బునీళ్లతో కడుగు, బండి కిటికీలు తెరిచిపెట్టు. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని ఊళ్లోవాళ్లు ఎంత పట్టుబట్టినా ఒప్పుకోకు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో నురగ లాగేసే సక్షన్ మెషిన్ చేతికందేలా పెట్టుకో, వాళ్లు తాగిన పురుగుమందు డబ్బా వెంట తీసుకుపో. దీనికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ చాలిందా లేదా అన్నది కంటిపాప చూసి కాదు, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా అని విని చెప్పాలి.

పాము కాటుకు కోయడం, చీల్చడం వద్దు. కాటు పడిన చెయ్యిగానీ కాలుగానీ విరిగిందనుకుని బద్ద పెట్టి కదలకుండా కట్టు, ఉంగరాలు, మెట్టెలు తీసెయ్. అప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకు, విషం ఒక్కుమ్మడిగా పైకి పోవచ్చు. డాక్టర్ ముందు విప్పాలి. కట్లపాము గాటు కనపడకపోవచ్చు. రెప్పలు వాలుతుంటే ఊపిరి కూడా ఆగొచ్చు, చేత్తో నొక్కి ఊపిరిచ్చే అంబూ బ్యాగ్ సిద్ధం చేసుకో.

పోస్టింగులో చేసిన పని రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకం ఆ రోజే తీసుకో. డ్యూటీ డాక్టర్ బదిలీ అయ్యాక ఎవరూ పెట్టరు. హెపటైటిస్-బి టీకా మొదటి డోసు పోస్టింగ్ మొదలుకాకముందే వేయించుకో, తర్వాతవి మొదటి డోసు నుంచి నెలకు, ఆరు నెలలకు.

ఇట్లు,
మీ మామ