ఫ్యాక్షన్ విలన్ వేషంలో డైలాగు అరిస్తే జనం నవ్వుతున్నారు అన్న నటునికి జవాబు

మొదటి మాట నుంచే అరుస్తున్నావన్నా, తిప్పలంతా ఆడనే ఉంది. కోపం ముందే అయిపోతే తర్వాత పెంచడానికేం మిగలదు. క్లోజప్‌లో మెడనరాలు, తెరిచిన నోరు తప్ప మనిషి కనపడడు. మూడో టేకుకే గొంతు బొంగురుపోతోందన్నావే, కారణం అదే: ఊపిరి పొట్టలోంచి తీయకుండా గొంతుతో నెడుతున్నావు.

అందరూ వదిలేసే పని ఒకటుంది. నువ్వు వేసే ఆ విలన్‌కి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకో. "వాణ్ణి నరకాల" అని రాయొద్దు, అది పని, కోరిక కాదు. "సచ్చిపోయిన నా తమ్ముని గురించి ఈ ఊర్లో ఎవురూ తేలిగ్గా మాట్లాడకూడదు" అనేది కోరిక. వాని లెక్కలో వాడు న్యాయంగానే ఉన్నాడు. ఇది కుదిరినాక అదే డైలాగు పక్కచేను ఆయనతో గట్టు తగాదా తేల్చుకుంటున్నట్టు, మెల్లగా చెప్పి చూడు. భయం ఎదుటివాని ముఖంలో కనపడల్ల, నీ ముఖంలో కాదు.

తర్వాత ఇవి:

1. గొంతు ఒక్క మాట మీదే పెంచు. ఏ మాటో ముందే గుర్తు పెట్టుకో.
2. క్లోజప్‌లో రెప్పలు తక్కువ వేయి. ఎదుటివాని రెండు కళ్లు మార్చి మార్చి చూడొద్దు, కెమెరా వైపున్న కన్నే చూడు.
3. వేటకొడవలి రబ్బరుదే. అయినా వేటు ఎదుటివానికి మూరెడు దూరంలో ఆగల్ల. కెమెరా ఒకరి వీపు వెనక ఉంటే ఆ సందు తెలీదు, పక్కనుంచి తీస్తే దొరికిపోతావు.

యాస అతికించుకోవద్దు. శిరివెళ్ల నుంచి వచ్చిన నటుడు, 2020లో పోయిన జయప్రకాశ్ రెడ్డి సినిమాలు గమనించు, ఆయన నోట్లో సీమ మాట ఇంట్లో మాటలాగే ఉంటుంది.