నగర బస్సులను మార్కెట్టుకు వదిలేస్తే బాగుపడతాయా? ఒకప్పటి టైమ్ కీపరు సమాధానం

"నగర రవాణా సంస్థ ఎప్పుడూ నష్టాల్లోనే ఉంటోంది, బస్సులు వేళకు రావడం లేదు, రూట్లన్నీ ప్రైవేటు వాళ్లకు తెరిచి పోటీ పడనిస్తే సేవలు మెరుగుపడవా, ఛార్జీలు పెరుగుతాయా?" అన్నది మీ ప్రశ్న. పోటీ ఎక్కడ జరగాలో ముందుగా తేల్చుకుంటే మెరుగుపడతాయని, తేల్చుకోకుండా తలుపులు బార్లా తెరిస్తే ఇప్పుడున్న దానికంటే చెడిపోతాయని నా సమాధానం. ఆర్థికశాస్త్రం చదివి చెబుతున్న మాట కాదిది. డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి సెలవులన్నీ నాలుగు బస్సులున్న ఒక ప్రైవేటు యజమాని దగ్గర టైమ్ కీపరుగా పనిచేశాను. ఈ విషయంలో నా అభిప్రాయం అప్పుడు ఏర్పడిందే, ఇప్పటికీ మారలేదు.

టైమ్ కీపరంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. రూటు మధ్యలో ఒక మలుపు దగ్గర నోటుబుక్కుతో నిలబడి, అవతలి యజమాని బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వెళ్లిందో రాసుకోవాలి. మన బస్సు మలుపులో వేగం తగ్గించగానే డ్రైవరు కిటికీ వైపు పరుగెత్తి "ముందు బండి పోయి ఎనిమిది నిమిషాలు" అనో "రెండు" అనో అరవాలి. ఎనిమిది అంటే ముందున్న స్టాపుల్లో జనం పోగై ఉంటారు కనుక డ్రైవరు నింపాదిగా, ఎత్తిన ప్రతి చెయ్యీ చూసి ఆపుకుంటూ పోయేవాడు. నాలుగైదు అంటే తర్వాతి స్టాపులో ఇంజను ఆపకుండా, ఇదిగో బయల్దేరుతున్నామన్నట్టు బండిని అడుగు ముందుకూ అడుగు వెనక్కూ ఊపుతూ, హారను కొడుతూ కూర్చునేవాడు. అప్పటికే ఎక్కినవాళ్లు లోపల ఉక్కపోతలో తిట్టుకుంటూ ఉండేవారు. ఒకటి, రెండు అంటే ఇక పరుగే. డ్రైవరుకూ కండక్టరుకూ జీతం నామమాత్రం, మిగిలినదంతా కలెక్షను మీద కమీషను. రాయితీ పాసు ఉన్న విద్యార్థులు కనబడితే స్టాపు దాటించి ఆపేవారు, వాళ్లు పరుగెత్తి వచ్చేలోగా బండి కదిలేది. మిగతా రోజుల్లో నేనూ పాసువాణ్నే కనుక ఆ పరుగు నాకు కొత్త కాదు.

ఒక సాయంత్రం మా బస్సు మలుపులోకి రాగానే "ఒక్క నిమిషం" అని అరిచాను. డ్రైవరు గేరు మార్చిన తీరులోనే ఏం చేయబోతున్నాడో తెలిసిపోయింది. తర్వాతి స్టాపు నేను నిలబడిన చోటికి కనబడుతూనే ఉంటుంది. అవతలి బస్సు రోడ్డు అంచున ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంటే, మావాడు దాని పక్కనే నడిరోడ్డు మీద బస్సు నిలిపాడు. కండక్టరు దూకి, అవతలి బస్సు ఎక్కబోతున్నవాళ్లను చెయ్యి పట్టుకుని ఇటు లాగడం మొదలుపెట్టాడు. దిగేవాళ్ల వైపు చూసే తీరిక అతనికి లేదు. అప్పుడే మా బస్సు ఫుట్‌బోర్డు మీద నుంచి ఒక పెద్దావిడ ఒక కాలు కింద పెట్టింది. రెండు బస్సుల మధ్య ఒక్క మనిషి పట్టేంత సందు మాత్రమే ఉంది. అవతలి డ్రైవరు పంతం కొద్దీ బండిని కదిపాడు, ఆవిడ ఆ సందులో పడిపోయింది. ప్రాణానికేమీ కాలేదు, మణికట్టు విరిగింది. ఒక చెప్పు చక్రం కింద పడి అట్టలా అణిగిపోయింది. నేను పరుగెత్తి వెళ్లి లేపితే ఆవిడ మొదట అడిగింది ఆ చెప్పు గురించే. రాత్రి నోటుబుక్కు అప్పగించినప్పుడు యజమాని ఆ పేజీ తిప్పి, చివరికి ఎవరి బండి ముందు వెళ్లిందని అడిగాడు.

ఆ డ్రైవర్లు చెడ్డవాళ్లని నేననను. ప్రయాణికుల తలల లెక్కన కూలి కట్టినప్పుడు వాళ్లు ఆ లెక్కే చూసుకుంటారు. నా నోటుబుక్కులో ఇంకో లెక్క కూడా ఉండేది, దాన్ని ఎవరూ అడగలేదు. పది నిమిషాలకొక బస్సు చొప్పున సమానమైన ఎడంతో వస్తే, స్టాపుకు వచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు ఎదురుచూస్తాడు. అవే బస్సులు ఇరవై నిమిషాలకోసారి రెండేసి జంటగా వస్తే సగటు పది నిమిషాలవుతుంది. బస్సులు అన్నే, డీజిలు అంతే, జీతాలు అంతే. నిరీక్షణ మాత్రం రెట్టింపు. మా రూటులో దాదాపు ప్రతి సాయంత్రం జరిగింది ఇదే.

నేను చేసిన పని ప్రపంచంలో మరెక్కడా ఉండదనుకునేవాణ్ని. చిలీ రాజధాని శాంటియాగోలో 1980ల నాటికి బస్సులను పూర్తిగా మార్కెట్టుకు వదిలేశారు. అక్కడ స్టాపుల్లో నిలబడి, ముందు వెళ్లిన బస్సుల వేళలు రాసుకుని, వెనక వచ్చే డ్రైవర్లకు చిల్లర డబ్బులకు అమ్మేవాళ్లను "సాపోలు", అంటే కప్పలు, అనేవారట. ఆ నగరంలో టిక్కెట్టు లెక్కన కూలి తీసుకునే డ్రైవర్లనూ, స్థిరమైన జీతం తీసుకునే డ్రైవర్లనూ పోల్చి చేసిన అధ్యయనం నా పక్షానికి కాస్త ఇబ్బంది కలిగించేదే: జీతం డ్రైవర్ల రూట్లలోనే బస్సులు ఎక్కువగా గుంపులు కట్టేవని, ప్రయాణికుడు సుమారు 10 శాతం ఎక్కువసేపు ఎదురుచూసేవాడని తేలింది. కానీ టిక్కెట్టు లెక్కన నడిపే బస్సులకు కిలోమీటరుకు జరిగే ప్రమాదాలు సుమారు 67 శాతం ఎక్కువ. ఆ 10 శాతం కోసం ఈ 67 శాతాన్ని భరించమని ఎవరైనా అంటే, ముందు ఆ రెండు బస్సుల సందులో దిగి చూడమంటాను.

జీతం ఇచ్చేస్తే సరిపోతుందనుకునేవాళ్లకు కూడా శాంటియాగోలోనే జవాబు దొరుకుతుంది. 2007 ఫిబ్రవరిలో ఆ నగరం పాత వ్యవస్థను ఒక్కసారిగా తీసేసి ట్రాన్‌శాంటియాగో అనే కొత్త వ్యవస్థ పెట్టింది. మొదటి కాంట్రాక్టుల్లో కంపెనీల ఆదాయానికి చాలావరకు హామీ ఉండటంతో తగినన్ని బస్సులు రోడ్డెక్కించాల్సిన ఒత్తిడి వాటికి లేకపోయింది. జనం స్టాపుల్లో గంటల తరబడి నిలబడ్డారు, మెట్రో కిక్కిరిసిపోయింది, చివరికి కాంట్రాక్టులను తిరగరాయవలసి వచ్చింది. తలల లెక్కన ఇస్తే పందెం వేసుకుంటారు, ఊరికే ఇస్తే పడుకుంటారు. కనుక డబ్బు ఇవ్వవలసింది ప్రయాణికుడి నిరీక్షణ తగ్గించినందుకు.

బ్రిటన్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. 1986 అక్టోబరులో లండన్‌ను మినహాయించి దేశమంతటా ఎవరైనా ఏ రూటులోనైనా బస్సు నడుపుకోవచ్చన్నారు. లండన్‌లో మాత్రం 1985 నుంచి రూట్లకు టెండర్లు పిలవడం మొదలుపెట్టారు: బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలే, కానీ రూటు, వేళలు, ఛార్జీ నగరం నిర్ణయిస్తుంది, టిక్కెట్టు డబ్బు నగరానికే వెళుతుంది. కంపెనీలు పోట్లాడుకునేదంతా టెండరు తెరిచే గదిలోనే. 2001 నుంచి అక్కడి కాంట్రాక్టుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం ఒకటి చేరింది: బస్సులు తరచుగా నడిచే రూట్లలో ప్రయాణికుడు ఉండవలసిన దానికంటే సగటున ఎంత అదనంగా ఎదురుచూశాడో కొలిచి, దాన్నిబట్టి కంపెనీకి బోనసో జరిమానానో వేస్తారు. అంటే నా నోటుబుక్కులో ఎవరూ అడగని ఆ రెండో లెక్కకు ధర కట్టారన్నమాట. తర్వాతి దశాబ్దాల్లో లండన్‌లో బస్సు ప్రయాణాలు బాగా పెరిగాయి, మిగతా పెద్ద నగరాల్లో పడిపోయాయి. లండన్‌లో సబ్సిడీ కూడా ఎక్కువే కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ సబ్సిడీ ఒక్కటే ఆ పని చేసిందంటే నేను నమ్మను. మాంచెస్టరు ప్రాంతం 2025 జనవరికల్లా తన బస్సులను దాదాపు అన్నింటినీ ఇదే టెండరు పద్ధతిలోకి తెచ్చుకుంది.

అయితే మార్కెట్టు గురించి మాట్లాడే పెద్దమనుషులు ఎప్పుడూ బస్సుకే ధర కట్టమంటారు, రోడ్డుకు కట్టమంటే ముఖం తిప్పుకుంటారు. ఒక బస్సు రూటు చుట్టి రావడానికి 60 నిమిషాలు పడితే, పది నిమిషాలకొక బస్సు నడపడానికి ఆరు బస్సులు చాలు. కార్ల రద్దీ వల్ల అదే చుట్టు 90 నిమిషాలైతే తొమ్మిది కావాలి. ఆ మూడు బస్సుల ఖర్చు కార్లవాళ్లు కలిగించినది, రవాణా సంస్థ నష్టాల ఖాతాలో రాసుకునేది. ఇక బస్సు లేన్‌లో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఊరికే నిలిపి ఉంచే కారు సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. అందరి సొత్తయిన నడిరోడ్డు స్థలాన్ని ఉచితంగా వాడుకునే మనిషే, బస్సు తన కాళ్ల మీద తాను నిలబడాలని ఉపన్యాసం ఇస్తాడు.

రోడ్డుకు ధర కట్టడం పుస్తకాల్లోని ఊహ కాదు. సింగపూరు 1975లోనే రద్దీ ప్రాంతంలోకి వచ్చే కార్ల నుంచి రుసుము వసూలు చేసింది. లండన్ 2003లో రోజుకు 5 పౌండ్లతో మొదలుపెట్టి, ఆ ఆదాయాన్ని రవాణాకే ఖర్చు పెట్టింది. స్టాక్‌హోమ్ అనుభవం ఇంకా విలువైనది. అక్కడ 2005 ఆగస్టులో ముందుగా అదనపు బస్సులు వేశారు. వాటివల్ల మాత్రమే కార్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2006 జనవరిలో ప్రయోగాత్మకంగా రుసుము పెట్టగానే నగర కేంద్రంలోకి రాకపోకలు సుమారు 20 శాతం తగ్గాయి, జూలై చివర ప్రయోగం ముగియగానే మళ్లీ పెరిగాయి, 2007 ఆగస్టులో దాన్ని శాశ్వతం చేశారు. పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. ఇంతకంటే స్పష్టమైన రుజువు కావాలనేవాళ్లకు ఏ రుజువూ చాలదు.

ఛార్జీల సంగతికొస్తే, టెండరు పద్ధతిలో కంపెనీకి ఛార్జీ మీద చెయ్యి ఉండదు కనుక పెంచడమూ తగ్గించడమూ నగరం చేతిలోనే ఉంటుంది. రోజంతా ఒకే ఛార్జీ ఉండటమే నాకు నచ్చదు. 1996లో నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త విలియం విక్రే 1950ల తొలినాళ్లలోనే న్యూయార్క్ సబ్‌వేకు రద్దీ వేళల్లో ఎక్కువ, ఖాళీ వేళల్లో తక్కువ ఛార్జీ పెట్టమని ప్రతిపాదించారు, ఎవరూ పట్టించుకోలేదు. మా రూటులో మధ్యాహ్నం రెండు గంటల ట్రిప్పు దాదాపు ఖాళీగా వెళ్లేది. ఆ వేళ టిక్కెట్టు సగానికి తగ్గించి చూడమని ఒకసారి యజమానితో అన్నాను. ఆయన నవ్వి, వెళ్లి మలుపు దగ్గర నిలబడమన్నాడు.