టెంపరేచర్ సాఫ్ట్‌వేర్ చూపించే అంకెను ఎంతవరకు నమ్మాలి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఒకచోట 62, ఇంకోచోట 41, మరోచోట 127 డిగ్రీలు కనిపిస్తున్నాయని రాశావు. ముందు ఆ 127ని వదిలెయ్. మదర్‌బోర్డు మీది సెన్సార్ చిప్‌కి ఉన్న ఇన్‌పుట్లన్నిటికీ బోర్డు కంపెనీ సెన్సార్ తగిలించదు. ఖాళీ ఇన్‌పుట్‌ని చదివితే 127, మైనస్ 128 లాంటివే వస్తాయి. 41 బోర్డుదై ఉంటుంది. నీకు కావలసింది ప్రాసెసర్ లోపలి సెన్సార్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టెంపరేచర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటెల్ ప్రాసెసర్‌కైతే ‘సీపీయూ ప్యాకేజ్’, ఏఎండీ వాళ్ల రైజెన్‌కైతే ‘టీసీటీఎల్/టీడై’ అన్న వరుస చూడు.

ఇంటెల్ సెన్సార్ నేరుగా వేడి ఎంతో చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెబుతుంది. ఆ పరిమితే టీజేమ్యాక్స్, చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 100. దూరం 38 అయితే సాఫ్ట్‌వేర్ 100లోంచి 38 తీసేసి 62 అని చూపిస్తుంది. ఇంటెల్ పాత కోర్ 2 కాలంలో డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ పరిమితిని చదివే వీలు లేక ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కోటి ఊహించుకునేది. అందుకే ఒకే మెషీన్‌కి 10, 15 డిగ్రీల తేడా వచ్చేది. 2008లో కోర్ ఐ7 వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇప్పటికీ ఈ సెన్సార్లు పరిమితి దగ్గర పడేకొద్దీ కచ్చితంగా చెబుతాయి, ఖాళీగా ఉన్నప్పుడు ఉజ్జాయింపుగానే చెబుతాయి. ఐడిల్‌లో ప్రాసెసర్ లోపలి ఒక కోర్ 33, పక్కది 38 చూపిస్తే కంగారు పడకు.

ఏఎండీ లెక్క వేరు. రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్‌లలో ఫ్యాన్ కంట్రోల్ కోసం అసలు వేడికి 20 డిగ్రీలు, 2700ఎక్స్‌లో 10 డిగ్రీలు కలిపి చెబుతారు. ఆ సంగతి తెలియని పాత సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఊరికే భయపెడుతుంది. కాబట్టి ముందు కొత్త వెర్షన్ వేసుకో. పాత టూల్స్ సెన్సార్లను చదవడానికి వాడే విన్‌రింగ్ జీరో అనే డ్రైవర్‌ని విండోస్ డిఫెండర్ పట్టుకుంటే, డిఫెండర్‌ని ఆపొద్దు, ఆ టూల్‌నే తీసెయ్.

ఇక పరీక్ష. రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్‌ని పొద్దున్నే ఆన్ చేసి, గోడ థర్మామీటర్‌తో పోల్చు. మే నెలలో గది 36 ఉంటే ప్రాసెసర్ 29 ఉండడం జరగని పని. గాలి కూలరైనా, మామూలు వాటర్ కూలరైనా గది వేడి కంటే కిందికి దించలేదు. అలా చూపిస్తే ఆ అంకె తప్పు. బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే సెట్టింగుల తెరలో) 48, విండోస్‌లో 37 కనిపించడం మాత్రం తప్పు కాదు. బయోస్‌లో ఉన్నప్పుడు పవర్ పొదుపు సరిగా పనిచెయ్యదు.

తర్వాత మిగతా మానిటరింగ్ ప్రోగ్రాములన్నీ మూసెయ్. రెండు ప్రోగ్రాములు ఒకేసారి సెన్సార్ చిప్‌ని అడిగితే చెత్త అంకె వచ్చి ‘మ్యాక్సిమం’ గడిలో ఉండిపోతుంది. ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ పెట్టే ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో ‘స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీస్’ పరీక్ష పెట్టి పదిహేను నిమిషాలు నడుపు. ప్యాకేజ్ వేడి, క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ నడిచే వేగం), థర్మల్ థ్రాట్లింగ్ (వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తగ్గించుకోవడం) మూడూ కలిపి చూడు. థ్రాట్లింగ్ ‘ఎస్’ అని పడి, క్లాక్ కూడా పడిపోతే వేడి నిజమే. రైజెన్ 7000లో పెద్ద ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో 95 దగ్గర నిలబడడం ఏఎండీ అలా పెట్టడం వల్లే.

అంకె కంటే అది కదిలే తీరే ఎక్కువ చెబుతుంది. లోడ్ మొదలైన ఒకటి రెండు సెకన్లలో 95కి ఎగబాకి, ఆపగానే 50కి దూకితే సెన్సార్ బాగానే ఉంది, కూలర్ సరిగా ఆనలేదు. కూలర్ కింద ప్లాస్టిక్ పొర తీశారా, దాన్ని బోర్డుకి బిగించే నాలుగు పుష్ పిన్నులూ పూర్తిగా దిగాయా, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు ఎండిపోయిందా చూడు. పది నిమిషాలపాటు మెల్లగా ఎక్కుతూ పోతే కూలర్ రెక్కల్లో దుమ్మో, ఫ్యానో, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడమో. లోడ్ పెట్టినా అసలు కదలకపోతే ఆ వరుసను నమ్మకు.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో సరిచూద్దామనుకుంటావేమో, వద్దు. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది, పైగా చిప్ లోపలి వేడి దానికి అందదు.

పరీక్ష అయ్యాక ప్యాకేజ్ వేడి, క్లాక్, థ్రాట్లింగ్ మూడు వరుసలూ కనిపించే స్క్రీన్‌షాట్, గది వేడి, ప్రాసెసర్ మోడల్ నంబరు పంపించు.

ఇట్లు,
నీ మావయ్య